కడిగిన అద్దాలు

సంతాప సభలో నాకు నవ్వొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంటే, ఏడుస్తున్నాననుకుని పక్కనున్న మేడమ్ నా వీపు నిమిరింది.

నవ్వు రాక ఏం చేస్తుంది? ఇబ్రహీంపట్నం దాటాక మా ఇంజనీరింగ్ కాలేజీ. దాని సెమినార్ హాల్లో బల్ల మీద మా గైడు సార్ ఫోటో, ఫోటోకి చామంతి దండ, దాని ముందు గుప్పెడు అగరబత్తీలు. ఆ పొగలో నిలబడి ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని, "మన సార్ ఈ లోకంలో తామరాకు మీద నీటిబొట్టులా బతికిన మహానుభావుడు" అన్నాడు. ఆయన బతికుండగా ఆయన ముందు తామరాకు పేరెత్తిన వాళ్ళని గదిలోంచి బయటికి పంపేసేవాడు. పొగ పెట్టినవాళ్ళ సంగతి తర్వాత చెబుతాను.

తామరాకు అంటే ఆయనకి అంత మంట ఎందుకంటే, నీళ్ళు అంటని ఉపరితలాల మీద నీళ్ళు ఏం చేస్తాయన్నదే ఆయన పని. నలభై ఏళ్ళు అదే పని. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థీ మొదటి రోజు హుషారుగా, "అంటే తామరాకు లాగా కదా సార్" అనేవాడు. "బయటికి పో. కారిడార్లో పది నిమిషాలు నిలబడి రా" అనేవాడాయన. తిరిగొచ్చాక చెప్పేవాడు: "ఆకు మీద బొట్టు జారితే వైరాగ్యం అంటారు. నేను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. బుడిపెలున్నాయి, బుడిపెల మీద మైనం ఉంది. వైరాగ్యం ఎక్కడా కనపడలేదు."

నగరంలో ఓ పెద్ద పరిశోధనశాలలో రిటైరై మా కాలేజీకి వచ్చాడు. వనస్థలిపురం నుంచి రోజూ కాలేజీ బస్సులోనే, డ్రైవరు వెనక సీటు. కూర్చునే ముందు సీటు మీద తన తువ్వాలు పరుచుకునేవాడు. నలుగురి తలల నూనె ఆ సీటుకి అంటి ఉంటుందట. దిగేటప్పుడు తువ్వాలు మడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టేవాడు. పక్క సీట్లో ఎవరూ కూర్చునేవారు కాదు. ఆయనకి అదే కావాలి.

నేను ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరింది ఎనిమిదేళ్ళ కిందట. యాచారం అవతల మా ఊరు. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని. ఆ రోజు అమ్మ నెత్తికి బాగా నూనె పెట్టి, గట్టిగా జడ వేసి, మల్లెపూలు పెట్టి పంపింది. ఆయన నా మొహం చూడలేదు. జడ చూశాడు. ఒక గాజు స్లైడు తెచ్చి కుళాయి కింద పెట్టాడు. నీళ్ళు దాని మీద ఒక్క పొరలా పరుచుకున్నాయి, ఎక్కడా చుక్కగా తెగలేదు. దాన్ని ఆరబెట్టి నా ముందు పెట్టాడు.

"బొటనవేలు నొక్కు."

నొక్కాను. మళ్ళీ నీళ్ళు పోశాడు. స్లైడంతా నీళ్ళు పరుచుకున్నాయి గానీ నా వేలు పడ్డచోట మాత్రం వెనక్కి జరిగాయి. వేలి ఆకారంలో ఒక పొడి మచ్చ మిగిలింది.

"చూశావా అమ్మాయ్? నీళ్ళు నిన్ను వద్దంటున్నాయి."

ఆ స్లైడు వెనక చిన్న కాగితం అంటించి, నా పేరు రాసి, ఒక చెక్కపెట్టెలో పెట్టాడు. ఆ పెట్టెలో అంతకుముందు వచ్చిన వాళ్ళందరి వేళ్ళూ వరసగా ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు మూడుసార్లు తలంటుకుని వెళ్ళాను. ఆ తర్వాత ఇప్పటిదాకా తలకి నూనె రాయలేదు. అమ్మ దాని మీద ఇప్పటికీ సణుగుతుంది.

ఆయన వేలు మాత్రం ఎక్కడా పడేది కాదు. కడిగి కడిగి, ఆయన చేతులు సున్నం గోడలా తెల్లగా పగిలిపోయి ఉండేవి. కాలేజీలో వేలిముద్ర హాజరు పెట్టినప్పుడు ఆ యంత్రం ఆయన్ని గుర్తుపట్టలేదు. పదిసార్లు నొక్కినా 'మళ్ళీ ప్రయత్నించండి' అనేది. వెనక క్యూలో పిల్లలు నవ్వుకునేవారు. ఆయన వెనక్కి తిరిగి, "నవ్వకండి. మీ జిడ్డు దానికి ఇష్టం, అంతే" అనేవాడు.

నోటికి అడ్డూ అదుపూ లేదు గానీ, దానికో పద్ధతి ఉంది. కులం ఎత్తి ఎవర్నీ ఏమీ అనలేదు. మా యాసని ఎప్పుడూ ఎక్కిరించలేదు. ఆడా మగా తేడా లేదు. గాజు మీద జిడ్డు అంటించేవాళ్ళు, అంటించనివాళ్ళు, రెండే జాతులు ఆయనకి. ఒకసారి నా జూనియర్ ఒకమ్మాయి పనిలో తప్పు చేసి తిట్లు తింటూ అక్కడే ఏడ్చేసింది. ఆయన ఆమె ముందున్న ట్రే గబుక్కున లాగేశాడు. "కన్నీళ్ళలో ఉప్పుంటుంది, కొవ్వుంటుంది. స్లైడు మీద పడనీకు" అన్నాడు. అంతే, మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకడికి తండ్రి పోయాడని ఫోనొస్తే, వాడు చెప్పులేసుకుంటుంటే, "ట్రే మీద మూత పెట్టావా?" అని అడిగాడు. వాడు వెనక్కొచ్చి మూత పెట్టి వెళ్ళాడు.

పోయిన వారం నా విద్యార్థిని ఒకామె ఏడిస్తే నేనూ ట్రే పక్కకి లాగాను. నోటికి అవే మాటలొచ్చాయి. ఆయన కాలేజీ మానేసినప్పటి నుంచీ ఆ గది నాది, ఆ కుర్చీ నాది.

ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "నీళ్ళకీ మైనానికీ మధ్య ఏముంది?" ఏమీ లేదు సార్, అంటుకునే ఉంటాయి అంటే తప్పు. గాలి ఉంటుంది సార్ అంటే ఇంకా తప్పు. ఒకరోజు విసిగిపోయి మా అందర్నీ కారిడార్లోకి తీసుకెళ్ళాడు. లాబ్ ఊడ్చే అండాలు అక్కడ చీపురు పట్టుకుని ఉంది.

"అండాలూ, నువ్వు మైనం. ఆ గోడకి ఆనుకుని నిలబడు. మిగతావాళ్ళంతా నీళ్ళు."

అండాలు కొంగు సర్దుకుని నిలబడింది. "మైనమంటె ఏం చెయ్యాలె సార్?"

"ఏమీ చెయ్యకూడదు. ఊరికే ఉండాలి."

"గంతేనా? గది నాకు మస్తుగొస్తది."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. మమ్మల్ని గుంపుగా నిలబెట్టి ఒకరి చేతులొకర్ని పట్టుకోమన్నాడు. నీటి అణువుకి పక్కవాళ్ళని పట్టుకునే చేతులు రెండు, పక్కవాళ్ళు తనని పట్టుకునే చోట్లు రెండు. మధ్యలో ఉన్నవాళ్ళకి అన్నీ నిండాయి. అంచున, అండాలు పక్కన, నన్ను నిలబెట్టాడు. నా కుడిచెయ్యి ఎవరికీ అందలేదు. అది అండాలు వైపు ఊరికే చాచుకుని ఉంది.

"కొంచెం ఇటు జరుగు. ఆమెని తగలకు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ. మీ ఇద్దరి మధ్యా ఇంకో అణువు పట్టనంత సందు. అదీ నేనడిగేది. గాలి కాదు. ఊరికే ఖాళీ." ఆయన గొంతు అప్పుడు మెత్తబడింది. "మైనం నీళ్ళని తరుముతుందని పుస్తకాల్లో రాస్తారు. అబద్ధం. అండాలు ఎవరినైనా తోసిందా? మైనం కూడా నీళ్ళని లాగుతుంది, కొంచెం. నీళ్ళు నీళ్ళని ఇంకా గట్టిగా లాక్కుంటాయి. ఈ అమ్మాయి ఆమె దగ్గరికి పోవాలంటే మీలో ఎవరి చెయ్యో వదలాలి. వదలదు. దాంట్లో ద్వేషం లేదు, ఏమీ లేదు. లెక్క, అంతే."

అందరం చేతులు వదిలేశాం. అండాలు చీపురందుకుంటూ, "నీ చెయ్యి నొచ్చిందా బిడ్డా? గట్లనే సాపుకోని ఉంటివి" అంది నాతో.

అండాలుది కొంగరకలాన్ వైపు. ఉన్న కాస్త పొలం ప్లాట్లయిపోయాక మా కాలేజీలో స్వీపరుగా చేరింది. జీతం కోసం కాదు చేరింది. మా కాలేజీలో పనిచేసేవాళ్ళ పిల్లలకి ఫీజు లేదు. ఆమె కూతురు అక్కడే డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. మధ్యాహ్నం కూతురు వచ్చి అమ్మ పక్కన మెట్ల మీద కూర్చుని తినేది. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో సర్క్యూట్ల బొమ్మలు గాల్లో గీసి చూపించేది. అండాలుకి ముక్క అర్థమయ్యేది కాదు. నోరు తెరుచుకుని చూసేది. "నా బిడ్డ ఇంజనీరయితది, చూస్తుండు" అనేది నాతో. అండాలు దగ్గర నేను చాలాసార్లు ఏడ్చాను. స్లైడ్లని ఆమె అద్దాలు అనేది. "అద్దాలు పాడుగానీ, నువ్వు తిన్నవా?" అని అడిగేది. ఆయన నా వేలి మచ్చ చూపించిన రోజు సాయంత్రం, "సార్ నోరు గట్లనే ఉంటది బిడ్డా, నా వేలు గూడ ఆ పెట్టెల ఉన్నది" అని నవ్వింది.

నా పరిశోధన ఇది. గాజు స్లైడు మీద ఒక్క అణువు మందాన మైనం లాంటి పూత వెయ్యాలి. దాని మీద నీటిచుక్క పెట్టి, పక్కనుంచి కెమెరాతో చూస్తూ, చుక్క అంచు ఎంత కోణంలో నిలబడిందో కొలవాలి. చుక్క గుండ్రంగా నిక్కితే నీళ్ళకి ఆ చోటు ఇష్టం లేదన్నట్టు. ప్రతి పూత స్లైడుకీ పక్కన ఏ పూతా లేని ఉత్త గాజు ఒకటి పెట్టాలి. ఉత్త గాజు మీద నీళ్ళు చాపలా పరుచుకోవాలి. దానికి ఆయన సాక్షి అని పేరు పెట్టాడు. సాక్షి చెడిపోతే ఆ పూటకి కొలిచిందంతా చెత్తబుట్టలోకే.

నాలుగో ఏడు దసరా వచ్చింది. సెలవులిచ్చే ముందురోజు కాలేజీ అంతా ఆయుధపూజ. బస్సులకి నిమ్మకాయలు, వర్క్‌షాపులో లేతు మిషన్లకి పసుపు, కంప్యూటర్లకి బంతిపూలు. మా గదికి మాత్రం ఏమీ లేదు. "ఈ గదికి దేవుడు అక్కర్లేదు, డిటర్జెంటు చాలు" అని ఆయన ముందే చెప్పి, ఆ రోజు వేరే ఊరికి వైవా తీసుకోవడానికి వెళ్ళాడు. నా కొలతలు అప్పటికి రెండు నెలలుగా కుదురుగా రావడం లేదు. ఆ ఏడాదిలో తేలకపోతే నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. అందరి మిషన్లూ పూజ అందుకుంటుంటే నాది మాత్రం దిష్టి తగిలినట్టు ఉత్తగా ఉంది. నాకు మనసాగలేదు.

"అక్కా, జర ఊదు తెస్తవా? నిప్పులల్ల సాంబ్రాణి ఏసి ఒక్కసారి తిప్పుదం."

"సార్ వద్దన్నడు గద బిడ్డా."

"సార్ లేడు గద. ఎవరికెరుకైతది? నువ్వు నిప్పులు తే, మిగిలింది నేను చూస్కుంట."

అండాలు ఇంకో మాట అనలేదు. గేటు బయట ఇస్త్రీ బండాయన దగ్గర మట్టిమూకుడులో నిప్పులు తెచ్చిచ్చింది. నేను సాంబ్రాణి వేసి, గది నాలుగు మూలలా తిప్పి, కెమెరాకి కుంకుమ బొట్టు పెట్టాను. కిటికీలు తెరిచాను. కాసేపటికి పొగ పోయింది. కొత్తగా కడిగి ఆరబెట్టిన సాక్షి స్లైడ్లు ట్రేలో మూత లేకుండా ఉన్నాయి. కంటికి కనపడని పొగ కూడా పొగేనని నాలుగేళ్ళు అదే చదివిన నాకు తట్టలేదు.

సెలవుల తర్వాత సాక్షి మీద నీళ్ళు పరుచుకోలేదు. చుక్క లేచి నిలబడింది. ఒక స్లైడు కాదు, ట్రే అంతా. నేను సార్‌కి చూపించాను. చిత్రం ఏమిటంటే, ఆయన తిట్టలేదు. కుర్చీ లాక్కుని కెమెరా ముందు కూర్చుండిపోయాడు. ఉత్త గాజు తనంతట తాను మారిందా, గాల్లోంచి ఏదైనా తీసుకుందా అని రెండు రోజులు లెక్కలు వేశాడు. ఆయన మొహంలో వెలుగు నేను చూసింది ఆ రెండు రోజులే. పాత పరిశోధనశాలలో మిత్రుడికెవరికో ఫోన్ చేసి, "ఈసారి నిజంగానే ఏదో ఉంది" అన్నాడు. ఈసారి అని ఎందుకన్నాడో నాకు తర్వాత తెలిసింది. వయసులో ఉన్నప్పుడు నీళ్ళకీ మైనానికీ మధ్య చాలా పెద్ద సందు కనిపెట్టానని ప్రకటించాడట. అది తన స్లైడ్ల మీది మురికని ఇంకొకరు తేల్చారట. పది మందిలో నవ్వులపాలయ్యాడట.

మూడో రోజు కెమెరా వెనక వైరు సరిచేస్తూ ఆయన ఆగిపోయాడు. గోటితో ఏదో గీకాడు. గోటి మీద ఎర్రగా కుంకుమ. ఆ గోరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత వంగి బల్ల కింద చూసి, వేలితో చిటికెడు బూడిద తీశాడు.

మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టాడు. నేను, ఇద్దరు జూనియర్లు, అండాలు.

"ఈ గదిలో పొగ ఎవరు పెట్టారు?"

జూనియర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిప్పు ఎవరు తెచ్చారు?"

"నేనే తెచ్చిన సార్" అంది అండాలు.

అది నిజం. ఆమె అబద్ధమాడలేదు, నన్ను కాపాడాలనీ అనుకోలేదు. తన వంతు తను చెప్పింది. చెప్పి నావైపు చూసింది. బతిమాలుతూ కాదు. ఇక నీ వంతు అన్నట్టు, మామూలుగా చూసింది.

నాకు గడువు గుర్తొచ్చింది, ఊళ్ళో మా బాపు 'నా బిడ్డ డాక్టరమ్మ' అని పదిమందికి చెప్పుకోవడం గుర్తొచ్చింది, నాలుగేళ్ళు తిన్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నా గొంతు దాకా కూడా రాలేదు. నేల చూస్తూ నిలబడ్డాను.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. ఆఫీసుకి రాసి పంపుతాను" అన్నాడాయన.

"సార్, నా బిడ్డ చదువు ఉన్నది సార్. రెండో ఏడు నడుస్తుంది. నా నౌకరి పోతె దాని చదువు పోతది."

"దానికీ ఈ స్లైడ్లకీ సంబంధమేమిటి?"

వెటకారం కాదు. నిజంగా అడిగాడు. అండాలు చీపురు మూలన పెట్టి వెళ్ళిపోయింది. ఆయన నావైపు తిరిగి, "అన్నీ మళ్ళీ కడుగు. ఒక్కటి మిగలకూడదు" అన్నాడు. సాయంత్రం చీకటిపడే దాకా కడిగాను. డిటర్జెంటు, ఆసిడ్, నీళ్ళు, మళ్ళీ నీళ్ళు. నీళ్ళు పొరలా పరుచుకునేదాకా ఒక్కొక్కటీ కడిగాను. కడుగుతున్నంతసేపూ ఒకటే అనుకున్నాను, రేపు చెబుతాను, ఆయన కోపం తగ్గాక చెబుతాను. ఆయన కోపం తగ్గింది. నేను చెప్పలేదు.

కొత్త సాక్షులతో కొలతలు కుదిరాయి. వైవా అయిన రోజు మిఠాయి డబ్బాతో ఆయన గదికి వెళ్ళాను. ఒక ముక్క తీసుకుని, స్పూనుతో తిన్నాడు. కాగితం రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"సాంబ్రాణి వేసింది నువ్వే" అన్నాడు.

నేను డబ్బా ఆయన బల్ల మీద పెట్టేశాను.

"ఆ రోజే తెలుసు నాకు. అండాలు బొట్టు పెడితే లెన్సు మీదే పెట్టేది, మొహం అదే కదా. ఆ బొట్టు వెనక పక్కన, కాంతి దారికి అడ్డం రాకుండా, వేడి తగలని చోట ఉంది. అంత ఒడుపుగా బొట్టు పెట్టగలిగింది ఈ గదిలో నువ్వొక్కదానివే."

"మరి ఆమెను ఎందుకు పంపించారు సార్?"

"ఎవరినో ఒకరిని పంపాలి. లేకపోతే మళ్ళీ పెడతారు." ఇంకో ముక్క తీసుకున్నాడు. "ఊడ్చేవాళ్ళు దొరుకుతారమ్మా. నీలా కొలిచే చెయ్యి నాకు మళ్ళీ దొరకదు."

ఇది రాయకుండా ఉండొచ్చు. కానీ ఆయన గురించి రాస్తూ దీన్ని దాస్తే నేను రాసిందంతా చెత్తే. ఆ మాట విన్నప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం. నాలుగేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో దాన్నే తలుచుకున్నాను. నీలా కొలిచే చెయ్యి. సిగ్గు తర్వాత వచ్చింది. ఎంత తర్వాతో చెప్పను. ఆయనకి అండాలు మీద కోపం లేదు. ఆ మాటకొస్తే నాకూ లేదు. నేను ఆమెని ఇష్టపడ్డాను కూడా. నా చెయ్యి ఇంకెక్కడో గట్టిగా పట్టుకుని ఉంది, వదల్లేదు.

సంతాప సభలో నన్ను కూడా మాట్లాడమన్నారు. "సార్ నాకు శుభ్రత నేర్పారు" అన్నాను. చప్పట్లు కొట్టకూడదు కాబట్టి అందరూ తలలూపారు. అక్కడినుంచి నేరుగా సాగర్ రోడ్డు మీదికి వెళ్ళాను. అక్కడ వరసగా జొన్నరొట్టెల బండ్లుంటాయి. వాటిలో ఒకటి అండాలుదని నాకు తెలిసి చాలా కాలమైంది. ఆ రోడ్డు మీద బస్సు వెళ్ళేటప్పుడు నేను కుడివైపు సీట్లో కూర్చుంటాను, ఆమె బండి ఎడమవైపు.

పొయ్యి ముందు పీటేసుకుని కూర్చుంది. జుట్టు నెరిసింది. పెనం కాలిందో లేదో చూడ్డానికి తడిచేత్తో నాలుగు చుక్కలు చిలకరించింది. చుక్కలు గుండ్రంగా లేచి పెనమంతా పరుగెత్తి మాయమయ్యాయి. నన్ను చూసింది. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు.

"రా బిడ్డా, కూసో. ఎన్ని రొట్టెలు?"

"సార్ చచ్చిపోయిండు అక్కా."

"విన్న. కాలేజీ బస్సు డ్రైవరు చెప్పిండు." రొట్టె చరుస్తూనే ఉంది. "తండ్లాడిండా?"

"లేదు. ఏ బాధ పడకుంట నిద్రలనే పోయిండట."

"జర తండ్లాడితె మంచిగుండు" అంది, పిండి సరిపోలేదన్నంత మామూలుగా. రొట్టె పెనం మీద వేసి, పై మొహానికి తడిగుడ్డతో నీళ్ళు రాసింది.

"నీ బిడ్డ ఎట్లున్నది అక్కా?"

"చదువు బందయింది గద. ఇప్పుడు ఫ్యాక్టరీల లైను మీద చేస్తది. మంచిగనే ఉన్నది. బస్సొచ్చి తీస్కపోతది." పొయ్యిలో కట్టె ముందుకి తోసింది. "ఎప్పుడన్న ఆ బొమ్మలు గీస్తది, గాలిల. నేను చూడనట్టు ఉంట."

నేను వచ్చింది చెప్పడానికి. చెబితే బరువు తగ్గుతుందనుకున్నాను. "అక్కా, ఆ దినం ఊదు నేనే ఏసిననని సార్‌కు ఎరుకేనట. ఎరుకుండే నిన్ను పంపిండట. నాకు తర్వాత చెప్పిండు."

ఆమె చెయ్యి పెనం మీద ఆగింది. రొట్టె మాడు వాసన వచ్చింది. తిప్పేసింది.

"ఆయనకెరుకైతేంది, కాకుంటేంది. ఆయన మొదటి సంది గట్లనే ఉండె. ఆయన మీద నాకేం ఆశ లేకుండె." నావైపు చూసింది. ఆ రోజు వరసలో నిలబడి చూసినట్టే, మామూలుగా. "ఆ దినం నేను ఇంటికి పోలే, ఎరుకేనా? కిందికి దిగి మెట్ల మీద కూసున్న. నా బిడ్డ గూడ వచ్చి కూసున్నది. పోదం పా అమ్మా అని ఏడుస్తుంది. జరాగు, పైన అక్క ఉన్నది, వస్తది, సార్‌తోని చెప్తది అన్న. ఆఖరు బస్సు దాంక కూసున్నం. పైన లైటు ఎలుగుతుండె. నల్లా నీళ్ళ సప్పుడు వస్తుండె."

పెనం మీది రొట్టెని ఇంకోసారి తిప్పింది.

"అద్దాలు కడుగుతుంటివా?"

"అవ్ అక్కా."

ఆమె రొట్టె తీసి, కాగితంలో చుట్టి, నా చేతికి తగలకుండా బండి అంచు మీద పెట్టింది.

"మంచిగ తెల్లగయినయా మరి?"

"అయినయ్ అక్కా" అన్నాను.